పదిహేడు చీటీలు

కుట్టుమిషన్ల షాపు, మెట్ల కింది గది
జనవరి 9

అక్కకు,

పిచ్చుకకు వచ్చేసింది.

ఏం వచ్చిందో నీకు విడమరిచి చెప్పక్కర్లేదు. నెల రోజుల నుంచి అనుమానంగానే ఉంది. నేను పట్టించుకోనట్టు నటించాను, నీ మరదలు నిజంగానే పట్టించుకోలేదు. మొన్న అన్నం ముందు కూర్చుని 'నాన్నా' అనబోయి, మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయింది. నాలుక అంగిలికి అతుక్కుపోయింది, మెడ మీద నరం పొంగింది, కళ్లు రెండూ గట్టిగా మూసుకుంది. మన నాన్న మొహం అచ్చు అలాగే ఉండేది కదా. ఆరేళ్ల పిల్ల మొహంలో పోయిన మనిషి కనిపించేసరికి నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

ఇల్లు మారాక ఈ నెలే దాన్ని కొత్త బడిలో వేశాం. చేర్చేటప్పుడు ఒక ఫారం ఇచ్చారు. 'కుటుంబంలో ఎవరికైనా మాటకు, వినికిడికి సంబంధించిన ఇబ్బంది ఉందా' అని ఒక గడి. ఆ గడి అగ్గిపెట్టెంత ఉంది, మన వంశానికి ఏం చాలుతుంది? వేరే కాగితం మీద చెట్టులా గీసి, నత్తి ఉన్నవాళ్ల దగ్గర నల్లచుక్క పెట్టుకుంటూ వచ్చాను. ముత్తాత, ఆయన్ని అందరూ మూగాయన అనేవాళ్లట. తాత. నాన్న. మేనత్త. నువ్వు, నేను. అడుగున పిచ్చుక. నీ మరదలు చూసి "మా వైపు ఒక్క చుక్కా లేదు చూశారా" అంది. వాళ్ల వైపు ఉన్నదల్లా వాగుడు, దానికి ఫారంలో గడి లేదు. ఇంతా చేసి ఆ గడిలో ఏం రాశానో అడగకు.

నీది మొదటి నుంచీ తేలికరకం. అందుకే బయటపడ్డావు, ఆస్పత్రిలో ఉద్యోగం చేస్తున్నావు. నాది గట్టిరకం. దీనిది నా రకంలాగే ఉంది. రక్తంలో ఉన్నదాన్ని ఎవరు తియ్యగలరు?

కంగారు పడకు. బడిలో దానికి ఇబ్బంది రాకుండా చిన్న ఏర్పాటు చేశాను. బాగానే నడుస్తోంది. ఎవరూ నవ్వడం లేదు.

తమ్ముడు


ఆస్పత్రి, మూడో నంబరు కౌంటరు
జనవరి 21

తమ్ముడూ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. పిల్లకు నత్తి వచ్చిందని రాసి, కంగారు పడకు అని రాస్తే కంగారు ఆగుతుందా?

మీ షాపులో ఫోనుంది, మా ఇంట్లో ఫోనుంది. అక్కడ మోగితే మరదలు ఎత్తుతుంది, ఇక్కడ మోగితే మీ బావ ఎత్తుతాడు. మనిద్దరం మాత్రం ముప్ఫై ఏళ్లుగా స్టాంపులు అంటించుకుంటున్నాం. కాగితం మీద మనకు నత్తి లేదు, ఇక్కడ మనంత వాగుడుకాయలు ఇంకెవరూ లేరు. కానీ పిచ్చుక కూడా ఇలాగే పెరగాలా అన్నది ఆలోచించు.

ఇక్కడ పై అంతస్తులో మాటల డాక్టరమ్మ ఉంది. భోజనాల వేళ పట్టుకుని అడిగాను. ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. "కుటుంబాల్లో వస్తుందమ్మా, నిజమే. చాలామంది పిల్లలకు పెద్దయ్యేలోపు దానంతటదే పోతుంది, కొంతమందికి ఉండిపోతుంది. ఎవరికి ఏదో ముందే చెప్పలేం. నత్తి రావడం ఇంట్లోవాళ్ల తప్పు కాదు. కానీ నత్తి ఉన్న పిల్ల మాట్లాడే మనిషి అవుతుందా, మాట దాచుకునే మనిషి అవుతుందా అన్నదాంట్లో మాత్రం ఇంట్లోవాళ్ల చెయ్యి చాలా ఉంటుంది." ఇది వింటే నాకు నేను పెరిగిన మేనత్త ఇల్లు గుర్తొచ్చింది.

ఆ ఇంటి గురించి నీకు సరిగ్గా ఎప్పుడూ రాయలేదు. మామయ్యకు రాళ్ల క్వారీలో పేలుళ్లకు చెవులు సగం పోయాయి కదా. ఆయనతో మాట్లాడాలంటే ఎదురుగా కూర్చోవాలి, మొహం చూపించాలి, ఒక్కో మాటా విడివిడిగా చెప్పాలి. ఎవరు చెప్పినా మూడుసార్లు చెప్పాల్సిందే. నేను 'ఉ ఉ ఉప్పు' అంటే ఆయన లెక్కలో మూడుసార్లు చెప్పేసినట్టే. "దీనిదొక్కదానిదే నాకు మొదటిసారికే అర్థమవుతుంది" అనేవాడు. మేనత్తకూ నత్తే, మన రక్తమే. కానీ ఆ ఇంట్లో తొందరపడి మాట్లాడేవాళ్లే లేరు. కాబట్టి నేను ఆలస్యమని ఎవరికీ అనిపించలేదు.

ఇంతకీ ఆ ఏర్పాటు ఏమిటి? పిచ్చుకతో నాకు ఏదైనా రాయించి పంపు.

అక్క


కుట్టుమిషన్ల షాపు
ఫిబ్రవరి 6

అక్కకు,

పని ఊపిరాడనివ్వడం లేదు. ఒకావిడ మిషను తెచ్చి చీటీ కట్టి వెళ్లింది: 'దారం ఊరికే తెగుతోంది. ఆరు ఉండలు మార్చాను. ఈ కంపెనీ దారాలే దండగ.' పాపం ఆ ఆరు ఉండలూ సంచీలో వేసి సాక్ష్యానికి తెచ్చింది. నేను దారాన్ని బిగించే మర అరచుట్టు వదులు చేశాను. అదే దారంతో గజం పొడవు కుట్టి చూపిస్తే నోరు తెరిచింది. దారం మరీ గొప్పదేం కాదులే. కానీ కుడుతోంది.

ఏర్పాటు గురించి అడిగావు. చిన్నదే, వదిలెయ్.

పిచ్చుక నీకోసం బొమ్మ వేసింది, ఇందులో పెడుతున్నాను. కవరు అదే అంటించింది, జిగురు ఎక్కువైతే నన్ను తిట్టకు.

తమ్ముడు


ఆస్పత్రి, మూడో నంబరు కౌంటరు
ఫిబ్రవరి 15

తమ్ముడూ,

బొమ్మ బాగుంది. మిషను మీద పిట్ట కూర్చుంది, పిట్ట కన్నా మిషనే బాగా వేసింది. నీ కూతురే.

అట్ట మందంగా ఉందని వెనక్కి తిప్పాను. నువ్వు మిషన్లకు కట్టే అట్టచీటీ అది. వెనకాల నీ చేతిరాత, గుండ్రంగా, పెద్ద అక్షరాలతో ఉంది. 'టీచరుగారూ, నన్ను పేరు అడగవద్దు.' మూలన 4 అని అంకె వేసి ఉంది. అంటే ఒకటి, రెండు, మూడు కూడా ఉన్నాయి. ఎన్ని ఉన్నాయి?

నాకు కోపం వచ్చింది, దాచను. మన ఇంట్లో భోజనాల బల్ల మీద నాన్న పెట్టే చీటీలు గుర్తున్నాయా? 'కూర బాలేదు.' 'రేపు పెందలాడే లేపండి.' మనం నోరు తెరిచి తడబడితే బల్ల మీద అరచేత్తో కొట్టేవాడు. గిన్నెలు ఎగిరేవి. తను మాత్రం చీటీ రాసి నీళ్లగ్లాసు కింద పెట్టేవాడు. నేను ఎనిమిదేళ్లకే ఆ ఇంట్లోంచి వెళ్లిపోయాను కాబట్టి నాకు కొన్నే గుర్తున్నాయి. నీకు అన్నీ గుర్తుండాలి.

నిజం రాయి. కాగితం మీద నీకు ఏదీ అడ్డు లేదు.

అక్క


కుట్టుమిషన్ల షాపు, మెట్ల కింది గది
మార్చి 4

అక్కకు,

పదిహేడు.

'మంచినీళ్లకు వెళ్లొచ్చా.' 'నాకు జవాబు తెలుసు, పలక మీద రాస్తాను.' 'కడుపు నొప్పిగా ఉంది.' 'నా వంతు వద్దు.' ఇలా. చిల్లు పొడిచి తాడుకు గుచ్చి మెడలో వేసుకునేలా చేశాను. అంచులు గీరుకోకుండా చుట్టూ టేపు వేశాను. నాకు తెలిసిన పని అదొక్కటే. దాన్ని ఎవరూ లేపి నిలబెట్టకూడదు, అంతే నేను కోరుకుంది.

కొత్త బడి కాబట్టి వాళ్లు దాని గొంతు ఎప్పుడూ వినలేదు. రెండు నెలల్లో అది ఒక్క మాటా మాట్లాడలేదు, చీటీలు చూపించింది. వాళ్లు మూగపిల్ల అనుకున్నారు. హెడ్మిస్ట్రెస్ నన్ను పిలిచి చాలా మర్యాదగా చెప్పింది, మాట రాని పిల్లలకు వేరే బడి ఉందని, వేళ్లతో మాట్లాడటం నేర్పుతారని. చేర్చిన రోజు నేను కూడా అక్కడ చీటీ మీదే సమాధానాలు రాశాను, ఇంటిల్లిపాదీ ఇంతే అనుకుని ఉంటుంది. 'పుట్టుకతో మాట లేదు' అన్న కాగితం మీద తండ్రి సంతకం కావాలట. నెలాఖరులోగా ఇవ్వాలి.

ఫారంలో ఏం రాశానో అడగకు అన్నాను కదా. 'లేదు' అని రాశాను. ఏడు నల్లచుక్కలు పెట్టుకున్న చేత్తోనే.

ఆ బడి చూసి వచ్చాను. చుట్టూ చెట్లున్నాయి, పెద్ద కిటికీలున్నాయి. ఎవరూ ఎవరినీ తొందరపెట్టడం లేదు. సంతకం పెట్టేస్తాను అక్కా. నీ మరదలు నాతో గొడవపడింది. "ఈ ఇంట్లో మాట్లాడే మనిషిని నేనొక్కదాన్నే, నా మాటే ఎవరూ వినరు" అని వంటగదిలోకి వెళ్లిపోయింది.

నువ్వు కూడా తిడతావు, తిట్టు. నాకు తొమ్మిదేళ్లప్పుడు మాస్టారు నన్ను లేచి పేరు చెప్పమన్నాడు. పీరియడ్ అంతా నిలబడ్డాను. ఆయన గడియారం చూసుకుంటూ "ఇంజను ఇంకా వేడెక్కలేదురా" అన్నాడు. బడి మానేసేదాకా నా పేరు ఇంజనే. నీది తేలికరకం. నీకు ఇది తెలియదు.

తమ్ముడు


ఇంటి నుంచి, ముందు గది
మార్చి 12

తమ్ముడూ,

ఈ ఉత్తరంతో పాటు ఇంకో ఉత్తరం ఉంది. ముందు అది చదువు. అమ్మ చేతిరాత. నన్ను మేనత్త దగ్గరికి పంపిన వారం ఆవిడకు రాసింది. నాలుగేళ్ల క్రితం మేనత్త పోయాక గుండీలు పెట్టుకునే డబ్బాలో దొరికింది.

'వదినగారికి,
పెద్దది మరీ ఇబ్బంది పడుతోంది. పొద్దున లేచిన దగ్గర నుంచి నాలుగు మాటలు బయటికి రావడం లేదు. పిల్లవాడికీ ఉంది గానీ వాడిది తేలిక, పోతుందని ఆశగా ఉంది. ఈయన కోపం మీకు తెలియంది కాదు. ఇద్దర్నీ పంపుతానంటే ఒప్పుకోరు. అందుకని ఎక్కువ అవసరం ఉన్నదాన్ని పంపుతున్నాను. వాణ్ణి నేను చూసుకుంటాను.'

చదివావు కదా. గట్టిరకం నాది, తేలికరకం నీది. నీకు గుర్తున్న అక్క సెలవులకు వచ్చిన అక్క. అప్పటికే నేను రెండేళ్లు మామయ్య ఎదురుగా కూర్చుని ఉప్పు అడిగి ఉన్నాను.

వాణ్ణి నేను చూసుకుంటాను అని రాసిన మనిషి ఏడాది తిరక్కుండానే పోయింది. నువ్వు నాన్నతో మిగిలావు. నిన్నూ తీసుకెళ్తామని మేనత్త రెండుసార్లు వచ్చింది, నాన్న చీటీ మీద 'కుదరదు' అని రాసి ఇచ్చాడు.

ఇన్నాళ్లూ ఇది నీకు ఎందుకు చూపించలేదంటే, నీ చేతిలో పెట్టే ధైర్యం లేక. నువ్వు గట్టిరకం అనుకుని సర్దుకుని బతుకుతున్నావు. తేలికరకమని తెలిస్తే ఏం పోగొట్టుకున్నావో లెక్క చూసుకుంటావని భయపడ్డాను. నీ బతుకు కూడా నేనే తీసుకెళ్లిపోయినట్టు నాకు చాలాసార్లు అనిపించింది. నేను దాచింది తప్పే.

ఇంకోటి కూడా దాచాను. నాకు నత్తి పోలేదు. నా ఉద్యోగం పొద్దస్తమానం పేషెంట్ల పేర్లు పిలవడం. వేరే మాటలైతే అడ్డుపడ్డప్పుడు మార్చుకోవచ్చు, పేరును మార్చలేం కదా. రోజుకు ఇరవైసార్లైనా ఇరుక్కుంటాను. పోయినేడాది ఎవరో ఫిర్యాదు చేస్తే నంబర్లు వెలిగే బోర్డు పెడతామన్నారు. నేను పెద్ద డాక్టరు గదికి వెళ్లి, పేరు పెట్టి పిలిపించుకోవడం రోగం వచ్చినవాళ్లకు ఎంత అవసరమో చెప్పాను. ఆ ఒక్క వాక్యం చెప్పడానికి నాకు ఎంతసేపు పట్టిందో ఆయన్నే అడగాలి. బోర్డు రాలేదు.

నత్తి మనకు రక్తంలో వచ్చింది, దాన్ని నేను కాదనను. కానీ చీటీలు రక్తంలో రాలేదు తమ్ముడూ. అవి నువ్వు నాన్న పక్కన కూర్చుని నేర్చుకున్నావు. ఇప్పుడు పిచ్చుక నీ పక్కన కూర్చుని నేర్చుకుంటోంది. నాన్న కొట్టి నేర్పాడు, నువ్వు ముద్దుచేసి, అంచులకు టేపు వేసి నేర్పుతున్నావు. నేర్పేది మాత్రం అదే.

ఆరు ఉండలు మార్చిన ఆవిడ గురించి నువ్వే రాశావు, తప్పు దారంలో లేదని.

ఆ బడి మంచిదే, మాట లేని పిల్లలకు. మన పిల్లకు మాట ఉంది. సంతకం పెట్టకు.

అక్క


కుట్టుమిషన్ల షాపు
మార్చి 18

అక్కకు,

అందింది. అమ్మ చేతిరాత గుర్తుపట్టాను.

నాలుగేళ్లు దాచావు. నాకు చాలా కోపంగా ఉంది. ఎవరి మీదో తేలడం లేదు, అందరూ పోయారు, దొరికింది నువ్వొక్కదానివే. మూడు రోజుల నుంచి ఏ మిషనూ విప్పలేదు. ఇప్పుడేం రాయలేను.


ఆస్పత్రి, మూడో నంబరు కౌంటరు
మార్చి 22

తమ్ముడూ,

కోప్పడు. నా మీద కోప్పడితే నాకేం కాదు.

ఇరవై తొమ్మిదికి సెలవు పెట్టాను. బండెక్కి వస్తాను, నీతో బడికి నేనూ వస్తాను. హెడ్మిస్ట్రెస్‌తో నేను మాట్లాడతాను. ఎంతసేపు పడితే అంతసేపు.

అక్క


కుట్టుమిషన్ల షాపు, మెట్ల కింది గది
మార్చి 26

అక్కకు,

రావద్దు. నువ్వు వచ్చి నా బదులు మాట్లాడితే అది కూడా చీటీయే అవుతుంది.

సెలవు రద్దు చేసుకో.

తమ్ముడు


కుట్టుమిషన్ల షాపు, మెట్ల కింది గది
ఏప్రిల్ 2

అక్కకు,

వరసగా రాస్తాను, లేకపోతే ఏదో ఒకటి వదిలేస్తాను.

ముప్ఫయ్యో తారీఖు పొద్దున పిచ్చుకను తీసుకుని బడికి వెళ్లాను. అబద్ధం చెప్పను, జేబులో చీటీ ఉంది. ముందురోజే రాసి పెట్టుకున్నాను, 'మా అమ్మాయికి మాట వచ్చు, నత్తి ఉంది, ఇక్కడే చదువుతుంది' అని. చేతకాకపోతే తీసి ఇద్దామనుకున్నాను. నీ మరదలికి తెలుసు. చొక్కా ఇస్త్రీ చేసి ఇస్తూ జేబు తడిమింది, ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోవడం పెళ్లయ్యాక ఇదే మొదటిసారి.

హెడ్మిస్ట్రెస్ గదిలో రెండు కుర్చీలు. పిచ్చుక కాళ్లు నేలకు అందడం లేదు. మెడలో పదహారు చీటీలు, నాలుగోది నీ దగ్గర ఉంది కదా. ఆవిడ సంతకం పెట్టాల్సిన కాగితం నా ముందుకు తోసి, పెన్ను మూత తీసి ఇచ్చింది.

నేను 'మా అమ్మాయి' అనబోయాను. 'మా' దగ్గర ఆగిపోయాను.

ఎంతసేపో తెలియదు. గోడ గడియారం నా వెనకుంది, అది ఒకందుకు మంచిదే అయింది. పెదాలు రెండూ అతుక్కుపోయాయి, కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను, చెమట చెవి వెనక నుంచి కారుతోంది. కళ్లు మూసుకోకూడదని మాత్రం అనుకున్నాను, పిల్ల చూస్తోంది కాబట్టి. హెడ్మిస్ట్రెస్ మంచి మనిషి అక్కా. నా అవస్థ చూడలేక ఒక తెల్లకాగితం తీసి "పరవాలేదండీ, రాసి ఇవ్వండి" అంది. ఇన్నేళ్లలో అలాంటి కాగితాన్ని నేను ఎన్నడూ వద్దనలేదు. ఈసారి వెనక్కి తోశాను. మళ్లీ 'మా' దగ్గర మొదలుపెట్టాను. మళ్లీ ఆగిపోయాను. ఆవిడ కాగితాన్ని ఇంకోసారి నా వైపు జరిపింది.

అప్పుడు పక్క కుర్చీలోంచి వినిపించింది.

"ఆ... ఆ... ఆగండి. నా... నాన్న చెబుతున్నాడు."

ఆ బడిలో పిచ్చుక మాట్లాడిన మొదటి మాట అది. హెడ్మిస్ట్రెస్ చెయ్యి కాగితం మీదే ఉండిపోయింది. ఇంకెవరైనా అయితే ఆ పిల్ల వైపు తిరిగి మురిసిపోయేవాళ్లు. ఆవిడ అలా చేయలేదు. పిల్ల ఆగమంది కాబట్టి ఆగింది. నా వైపే చూస్తూ కూర్చుంది.

నేను చెప్పాను. మొత్తం చెప్పాను. అమ్మాయి మూగది కాదని, ఫారంలో అబద్ధం రాసింది నేనని, చీటీలు నావని, దాన్ని నిలబెట్టి పేరు అడిగితే చెబుతుందని, ఆలస్యమవుతుందని, పూర్తయ్యేదాకా ఆగమని. కాగితం మీద ఇది రెండు పంక్తులు. నాకు గంట కొట్టేదాకా పట్టింది. ఆవిడ సంతకం లేని కాగితాన్ని మడిచి సొరుగులో పెట్టేసి, పిచ్చుకను పేరు అడిగింది. అది చెప్పింది. నాలుగు ముక్కలుగా చెప్పింది, కానీ చివరిదాకా చెప్పింది.

అంతా సర్దుకుందని రాస్తే నమ్మకు. రెండో రోజే ఒకడు దాన్ని వెక్కిరించాడు, ఏడుస్తూ వచ్చింది. చీటీలు మళ్లీ వేసుకుంటానంది. ఇచ్చేద్దామని చెయ్యి కూడా చాపాను. ఇవ్వలేదు. పొద్దున్నే లేచి అదే బడికి వెళ్లింది. సాయంత్రం టీచరు దాని చేత అర పేజీ చదివించిందట. పోకపోవచ్చు దీని నత్తి. ఏడో చుక్క చుక్కగానే ఉండిపోవచ్చు. ఉండనీ. దాన్ని దాచమని మాత్రం నేను చెప్పను.

ఇప్పుడు అన్నాల దగ్గర ఒక పద్ధతి పెట్టాం. మామయ్య ఇంటి పద్ధతే. ఎవరు మాట్లాడుతుంటే వాళ్ల మొహం వైపు చూడాలి, అది పూర్తయ్యేదాకా ముద్ద ఎత్తకూడదు. నీ మరదలు ఆకలితో చస్తోంది, కానీ పాటిస్తోంది. పదహారు చీటీల వెనకవైపు ఖాళీగానే ఉంది కదా, మిషన్లకు కట్టేస్తున్నాను. ఇంకా కోపం ఉందా అని అడగాలనుకుంటావు. కొంచెం ఉంది. అమ్మ ఉత్తరం మాత్రం తిరిగి పంపను, అది నా దగ్గరే ఉంటుంది.

ఈ ఆదివారం పొద్దున పది గంటలకు బావను ఎక్కడికైనా పంపించు. ఫోను మోగితే నువ్వే ఎత్తు. ఎత్తాక అటువైపు ఏమీ వినిపించకపోతే లైను పోయిందనుకుని పెట్టెయ్యకు. అది మేమే.

తమ్ముడు